యంత్రభాషలు – దుబాసీలు

పాఠ్యభాగ నేపథ్యం: కంప్యూటరులో ఆదేశాలను అమలుచేసే అవయవానికి ప్రాసెసర్ అని పేరు. ప్రాసెసర్లన్నీ ఒకే భాషను ఎరిగినవి కావు. ఒకదానికోసం సిద్ధంచేసిన ప్రోగ్రాము మరొకదానికి అర్థం కాకపోవచ్చు. రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను ఉదాహరణగా తీసుకొని, ఈ భాషాభేదాన్నీ, దానిని దాటడానికి మానవుడు కనిపెట్టిన ఉపాయాలనూ ఈ పాఠం వివరిస్తుంది.

ఆమదాలవలసలో ఉన్న రైల్వేస్టేషనుకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. శ్రీకాకుళం పట్టణవాసులు రైలెక్కాలంటే ఇక్కడికే రావాలి. హౌరా – చెన్నై ప్రధాన మార్గంలోని ఈ స్టేషను నుండి పొట్టచేత పట్టుకొని దూరదేశాలకు పోయేవారు ఎందరో. హైదరాబాదులో మేడలు కట్టేవారు, చెన్నైలో కూలి చేసేవారు, గుజరాత్ తీరానికి చేపలవేటకు పోయే మత్స్యకారులు, విజయనగరం మీదుగా విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదుకు పోయే విద్యార్థులు – వీరందరికీ రిజర్వేషన్ కిటికీ పరిచితమే. సంక్రాంతికి ఇల్లు చేరినవారు తిరుగు ప్రయాణానికి టిక్కెట్టు దొరకక పడే ఆవేదన ఆ కిటికీ ముందు నిలబడితే తెలుస్తుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే పని మరొకరికి పోతుంది.

కిటికీ లోపలి గుమాస్తా ప్రయాణికుని పేరు, వయసు, రైలు సంఖ్య టైపు చేస్తాడు. కొన్ని క్షణాల్లో పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యతో కాగితం బయటికి వస్తుంది. ఈ స్వల్పవ్యవధిలో ఆ వివరాలు దూరనగరంలోని పెద్ద కంప్యూటరును చేరి, అక్కడి ప్రాసెసర్ చేత పరిశీలింపబడి, బెర్తు కేటాయింపబడి, తిరిగి వస్తాయి. ప్రయాణికునికి తెలిసినది కిటికీ ఒక్కటే. ఆ కిటికీ వెనుక యంత్రాలు మారాయి. యంత్రాలతోపాటు వాటి భాషలూ మారాయి. అయినా టిక్కెట్టు టిక్కెట్టుగానే వస్తున్నది. ఇది ఎట్లు సాధ్యమైనదన్నదే ఇక్కడి ప్రశ్న.

ప్రాసెసరుకు అక్షరాలు రెండే. విద్యుత్తు ఉన్నదంటే ఒకటి, లేదంటే సున్న. ఈ రెండింటినీ వరుసగా పేర్చిన కూర్పులే దానికి మాటలు. ఏ కూర్పుకు ఏ అర్థమో ఆ ప్రాసెసరును రూపొందించినవారు ముందే నిర్ణయిస్తారు. 01000000 అనే ఎనిమిది అంకెల కూర్పును చూడండి. ఇంటెల్ సంస్థ 1978లో విడుదల చేసిన 8086 ప్రాసెసరుకు దీని అర్థం ‘ఫలానా గదిలోని సంఖ్యకు ఒకటి కలుపు’ అని. అదే కాలంలో అమెరికాలోని డిజిటల్ సంస్థ తయారుచేసిన వ్యాక్స్ అనే యంత్రానికి ఆ కూర్పే ‘రెండు దశాంశ సంఖ్యలను కలిపి ఫలితాన్ని దాచు’ అనే ఆదేశం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టినవారు ‘పాణి’ అన్న మాట వింటే అది నీరు. తెలుగు కావ్యం చదివినవారికి అదే మాట చేయి. మాట ఒక్కటే. భాష మారితే అర్థం వేరు. అయితే మనుషులు సందర్భాన్ని బట్టి ఊహించి సర్దుకొంటారు. యంత్రానికి ఊహ లేదు. దానికి నీరు కావాలని అడిగితే చేయి చాపుతుంది, లేదా ఆగిపోతుంది.

ప్రాసెసర్ ఎరిగిన ఆదేశాలు ఎన్ని, వాటి కూర్పులు ఎట్టివి, లెక్క మధ్యలో సంఖ్యలను నిలుపుకొనే గదులు ఎన్ని, జ్ఞాపకసీమను అది ఏ విధంగా చదువుతుంది – ఈ ఒడంబడికనంతటినీ కలిపి ఆర్కిటెక్చర్ అంటారు. తెలుగులో ‘నిర్మాణ సంప్రదాయం’ అనవచ్చు. ఆ గదులకు రిజిస్టర్లు అని పేరు. ఒక సంప్రదాయాన్ని అనుసరించి ఎందరైనా ప్రాసెసర్లను తయారుచేయవచ్చు. ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు రెండూ పోటీదారులే అయినా, వారి ప్రాసెసర్లు ఒకే సంప్రదాయానికి చెందినవి కనుక ఒకదానిపై నడిచే ప్రోగ్రాము సాధారణంగా రెండవదానిపైనా నడుస్తుంది. ఒకే వ్యాకరణానికి కట్టుబడిన ఇద్దరు కవుల శైలి వేరైనా, చదువరికి ఇద్దరూ అర్థమవుతారు గదా!

ఈ ఒడంబడిక అనే భావన మొదటినుంచీ ఉన్నది కాదు. తొలిరోజులలో ప్రతి కంప్యూటరుదీ ఒక వింత భాషే. పెద్ద యంత్రం కొన్నవారు పాత ప్రోగ్రాములన్నిటినీ తిరిగి వ్రాసుకోవలసి వచ్చేది. 1964 ఏప్రిల్ 7వ తేదీన ఐ.బి.ఎం. సంస్థ ‘సిస్టమ్/360’ అనే యంత్రకుటుంబాన్ని ప్రకటించినప్పుడు ఈ స్థితి మారింది. జీన్ ఆమ్‌డాల్, ఫ్రెడ్ బ్రూక్స్, గెరిట్ బ్లావ్ ముందుండి రూపొందించిన ఆ కుటుంబంలో చిన్న యంత్రానికీ పెద్ద యంత్రానికీ భాష ఒక్కటే. వేగమూ వెలా మాత్రమే వేరు. చిన్నది కొన్నవారు ఎదిగిన తరువాత పెద్దది కొనుక్కొని, పాత ప్రోగ్రాములను దానిమీద నిశ్చింతగా నడుపుకోవచ్చు. కంప్యూటర్ల చరిత్రలో ఇంతకన్న ముఖ్యమైన నిర్ణయాలు కొన్నే కనిపిస్తాయి.

తెలుగునేలపైనా ఇటువంటి సమస్య పుట్టింది. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడింది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు దానికి ఆద్యుడు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.–12 అనే కంప్యూటరును నిర్మించింది. 1975 నాటికి టి.డి.సి.–316 వచ్చింది. మొదటిది సంఖ్యలను పన్నెండేసి బిట్ల మాటలుగా పట్టుకొనేది, రెండవది పదహారేసి బిట్ల మాటలుగా. ఒకే ఊరిలో, ఒకే సంస్థలో పుట్టినా మాటల నిడివి మారినచోట ప్రోగ్రాము యథాతథంగా చెల్లదు. సీసపద్యపు పాదాన్ని కందంలో ఇరికించబోయినవాని అవస్థ ఇటువంటిదే.

ఇక రైల్వే కథ. 1985–86 సంవత్సరాలలో న్యూఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషన్ మొదలైంది. అప్పటి ప్రభుత్వరంగ సంస్థ సి.ఎం.సి. దానికి ‘ఇంప్రెస్’ అనే ప్రోగ్రామును సిద్ధం చేసింది. అది డిజిటల్ సంస్థవారి వ్యాక్స్ యంత్రాలమీద నడిచింది. అంతకుముందు రిజర్వేషన్ అంటే లావుపాటి దస్తరాలు, పెన్సిలు గీతలు. నడుమనున్న స్టేషను నుండి బెర్తు కావాలంటే తంతి పంపి బదులుకోసం ఎదురుచూడడం. కాలక్రమాన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘కాన్సర్ట్’ అనే మరొక ప్రోగ్రామును రచించి, 1994 సెప్టెంబరులో మొదటగా సికింద్రాబాదులోనే ప్రవేశపెట్టింది. 1999 నాటికి దేశంలోని ప్రధాన రిజర్వేషన్ కేంద్రాలు ఐదూ పరస్పరం కలిశాయి. అప్పటినుండి ఎక్కడి కిటికీలోనైనా ఎక్కడికైనా టిక్కెట్టు పొందడం సాధ్యమైంది.

వ్యాక్స్ సంప్రదాయం 1977లో అవతరించింది. ప్రాసెసర్ల భాషలలో దానిని దీర్ఘసమాసాల భాష అనవచ్చు. సుమారు మూడువందల ఆదేశాలు. వాటిలో కొన్ని ఒక్కమాటలో ఎంతో పని చెప్పేవి. బీజగణితంలోని బహుపది విలువను ఆమూలాగ్రం గణించడానికి వ్యాక్స్‌లో ఒకే ఒక్క ఆదేశం ఉండేది. ప్రోగ్రాము వ్రాసేవారికి ఇది సుఖమే. అయితే దీర్ఘసమాసాన్ని విడదీసి విగ్రహవాక్యం చెప్పుకోనిదే అర్థం తేలనట్లు, ప్రాసెసరు కూడా అటువంటి ఆదేశాన్ని లోలోపల ముక్కలుచేసుకొని అమలుపరచాలి. అందుకు కాలం పడుతుంది. 1980 ప్రాంతంలో కొందరు శాస్త్రజ్ఞులు దీనికి ఎదురుదారి పట్టారు. ఆదేశాలు చిన్నవిగా, సమానమైన నిడివితో, విడివిడి మాటలుగా ఉండాలనీ, మాటల సంఖ్య పెరిగినా ఒక్కొక్కటీ చిటికెలో ముగియాలనీ వారి వాదం. మొదటి మార్గాన్ని సిస్క్ అనీ, రెండవదానిని రిస్క్ అనీ అంటారు. డిజిటల్ సంస్థ తానే 1992లో ఆల్ఫా అనే రిస్క్ ప్రాసెసరును తెచ్చింది. వ్యాక్స్‌కు రిజిస్టర్లు 16, ఆల్ఫాకు పూర్ణసంఖ్యలకే 32.

సిస్క్, రిస్క్ పక్షాల వాదం చాలాకాలం సాగింది. ఆ కాలపు వ్యాసాలు చదివితే శైవవైష్ణవ వాదాలు జ్ఞప్తికి వస్తాయి. నేటి ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లు బయటికి సమాసాల భాషే మాట్లాడినా, లోపల ఆ మాటలను చిన్న చిన్న ముక్కలుగా చేసుకొని పనిచేస్తాయి. కాబట్టి ఆ తగవు ఇప్పుడు చాలవరకు చల్లారింది.

భాషాభేదంలో సూక్ష్మమైన మరొక అంశం ఉన్నది. అది అంకెల నడక. ప్రాచీన శాసనాలలో శకసంవత్సరాన్ని భూతసంఖ్యలతో చెప్పే పద్ధతి కలదు. చంద్రుడంటే ఒకటి, నేత్రమంటే రెండు, వేదమంటే నాలుగు, గగనమంటే సున్న. ‘వేద గగన నేత్ర చంద్ర’ అని చెప్పినచోట ఎడమనుండి చదివి 4021 అనుకోరాదు. మొదట చెప్పిన అంకె ఒకట్ల స్థానానిది. కావున ఆ సంవత్సరం 1204. ఈ నియమం ఎరుగనివాడు శాసనకాలాన్ని ఎన్నడూ రాని భవిష్యత్తుకు తోసివేస్తాడు.

ప్రాసెసర్లలోనూ ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. పెద్ద సంఖ్యను జ్ఞాపకసీమలో దాచేటప్పుడు ఎనిమిదేసి బిట్ల ముక్కలుగా, అనగా బైట్లుగా దాచాలి. వ్యాక్స్, ఇంటెల్ సంప్రదాయాలు భూతసంఖ్యల వలె చిన్న స్థానాన్ని ముందుంచుతాయి. ఐ.బి.ఎం. 360 మొదలైనవి పెద్ద స్థానాన్ని ముందుంచుతాయి. గుడ్డును పెద్దకొనవైపు పగలగొట్టాలా, చిన్నకొనవైపు పగలగొట్టాలా అని కలహించుకొన్న గలివర్ యాత్రలలోని జనులను తలచుకొని, డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1980లో ఈ పద్ధతులకు ‘బిగ్ ఎండియన్’, ‘లిటిల్ ఎండియన్’ అని పేర్లు వాడుకలోకి తెచ్చాడు. 258 అనే సంఖ్యను దాచితే దాని రెండు బైట్లు 1, 2. వాటిని తలకిందుగా చదివిన యంత్రానికి అది 513. ఎక్కడా తప్పు జరిగినట్లు కనిపించదు. ప్రోగ్రాము ఆగదు. సంఖ్య మాత్రం వేరు. ఆగిపోయే తప్పుకన్న ఆగకుండా సాగే తప్పే ఎక్కువ భయంకరమైనది.

ఒక ప్రాసెసరుకోసం సిద్ధమైన ప్రోగ్రామును మరొకదానిపై నడపవలసివస్తే మార్గమేది? ఉత్తరాంధ్ర చరిత్రలోనే రెండు మార్గాలకు పోలికలు దొరుకుతాయి.

మొదటిది గిడుగువారి మార్గం. 1863లో శ్రీముఖలింగ సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా, చుట్టుపట్ల కొండలలోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సంకల్పించాడు. సవరభాష నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు వ్రాశాడు. పిదప వ్యాకరణాన్నీ నిఘంటువునూ సమకూర్చాడు. ఆ వాచకం చదివే సవర బాలునికి నడుమ ఎవరూ అక్కరలేదు. ప్రోగ్రాముల విషయంలో ఈ పని చేసేది కంపైలర్. మనుషులు ప్రోగ్రామును సాధారణంగా సి, జావా వంటి మధ్యస్థ భాషలలో వ్రాస్తారు. ఆ మూలప్రతి చేతిలో ఉంటే, కంపైలర్ సహాయంతో ఏ ప్రాసెసరు భాషలోకైనా తిరిగి దింపుకోవచ్చు. ఇది ఉత్తమమార్గమే. కాని మూలప్రతి ఉండాలి. దానిని వ్రాసినవారు ఒక్కొక్కసారి పాత ప్రాసెసరు నైజాన్ని నమ్ముకొని వ్రాసి ఉంటారు. అంకెల నడకనో, దశాంశాలను దాచే తీరునో మనసులో పెట్టుకొని వ్రాసిన పంక్తులు కొత్త యంత్రంమీద తడబడతాయి. వ్యాక్స్ దశాంశాలను దాచిన పద్ధతి తరువాతి కాలపు ప్రమాణానికి భిన్నమైనది.

రెండవది దుబాసీ మార్గం. పాత ప్రోగ్రామును ముట్టుకోకుండా, అది పలికే ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడు కొత్త ప్రాసెసరు భాషలోకి మార్చి చెప్పే మరొక ప్రోగ్రామును నియమించడం. దీనిని ఎమ్యులేటర్ అంటారు. దుబాసీ ఉంటే మూలప్రతి లేకపోయినా పని జరుగుతుంది. కాని ప్రతిమాటా రెండుసార్లు పలకవలసి ఉంటుంది కనుక కాలం ఖర్చవుతుంది. ఆలస్యాన్ని సహించవచ్చు. అసలు భయం విశ్వాసానికి సంబంధించినది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి ముందు బొబ్బిలివారి మాట గాని, విజయనగర ప్రభువు మాట గాని ఫ్రెంచి సేనాని బుస్సీ చెవికి నేరుగా చేరలేదు. నడుమ ఉన్నది దుబాసీ. హైదర్‌జంగు లంచం పుచ్చుకొని ఒక పక్షపు మాటలను వక్రించి చెప్పాడని బొబ్బిలి కథ పాడే గాయకులు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఒక కోట కాలిపోయింది. యంత్రాల దుబాసీకి లంచం ఉండదు. అయినా వేలకొలది ఆదేశాలలో ఒక్కదాని అర్థాన్ని అది ఇసుమంత పొరపాటుగా చెప్పినా ఫలితం తలకిందవుతుంది. అందుకే ఎమ్యులేటర్లను రచించేవారు కొత్త పనులకన్న పాత తప్పులను కూడా ఉన్నవి ఉన్నట్లు అనుకరించడానికే అధికంగా శ్రమిస్తారు.

ఈ రెండింటికీ నడుమ మూడవదారి కూడా ఉన్నది. యంత్రభాషలోని పాత ప్రోగ్రామును నడిపించేటప్పుడు కాక, ముందే ఒకసారి మొత్తంగా అనువదించి భద్రపరచుకోవడం. వ్యాక్స్ నుండి ఆల్ఫాకు మారే వినియోగదారుల కోసం డిజిటల్ సంస్థ అటువంటి అనువాదినిని సమకూర్చింది.

ఇప్పుడు ఇటానియం వద్దకు రావాలి. ఇది పాఠంలో విషాదఘట్టం. హ్యూలెట్ పాకార్డ్, ఇంటెల్ సంస్థలు 1994లో చేతులు కలిపి, ఏడేళ్లు శ్రమించి, 2001లో ఇటానియం ప్రాసెసరును విడుదల చేశాయి. దాని మూలభావనకు పునాది వేసినవారిలో మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన డాక్టర్ బి. రామకృష్ణ రావ్ ప్రముఖుడు. ప్రాసెసర్ల నిర్మాణానికి సంబంధించిన అత్యున్నత పురస్కారమైన ఎకర్ట్–మాక్లీ పురస్కారం 2002లో ఆయనను వరించింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు.

ఆ భావన ఏమిటో వరిచేను చూపి చెప్పవచ్చు. ఉత్తరాంధ్ర రైతులు వరినాట్లను ఉభాలు అంటారు. ఉభాల సమయంలో ఏ మడిలో ఎందరు దిగాలో, ఏ పని వెంట ఏ పని సాగాలో మేస్త్రీ నిర్ణయించాలి. సామాన్య ప్రాసెసర్లలోని మేస్త్రీ గట్టుమీద నిలబడి, అప్పటి పరిస్థితిని చూసి మనుషులను పంపుతాడు. ఇటానియంలో మేస్త్రీ పొలానికి రాడు. ముందురాత్రి ఇంటివద్దనే కూర్చొని, ముగ్గురేసి కూలీల జట్లు కట్టి, పట్టీ వ్రాసి పంపుతాడు. ఆ మేస్త్రీ కంపైలరే. మూడు ఆదేశాలు, వాటి కలయికను తెలిపే చిన్న గుర్తు కలిపి 128 బిట్ల మూటగా కడతాడు. రిజిస్టర్లు కూడా 128. పట్టీ సరిగా కుదిరితే పొలంలో క్షణం వృథా కాదు. అయితే వంశధార కాలువ నీరు ఏ మడికి ఎప్పుడు చేరుతుందో ముందురాత్రి ఎవరు చెప్పగలరు? జ్ఞాపకసీమనుండి సంఖ్య ఎప్పుడు అందుతుందో కంపైలరుకూ తెలియదు. నీరందని మడిలో జట్టు నిలబడిపోయినట్లు ఇటానియం ఎన్నోసార్లు నిలిచిపోయింది.

అంతకన్న పెద్దలోపం పాతవారితో దానికి పొత్తు కుదరకపోవడం. అప్పటికి లోకంలోని ప్రోగ్రాములలో అధికభాగం 8086 వంశపు భాషలో ఉన్నవి. ఆ వంశానికే ఎక్స్86 అని పేరు. ఇటానియం వాటిని అర్థంచేసుకోగలిగినా నత్తనడకన నడిపేది. ఇంటెల్ ఇట్లు కొత్త భాషను నెత్తికెత్తుకొని ఉండగా, ప్రతిస్పర్ధి ఎ.ఎం.డి. పాత భాషనే 64 బిట్లకు పెంచి 2003 ఏప్రిల్‌లో ఆప్టెరాన్ అనే ప్రాసెసరును విపణికి తెచ్చింది. కొత్త రీతిలో 01000000 వంటి కూర్పులకు కొత్త అర్థం ఇచ్చింది. పాత రీతిలో పాత అర్థాన్ని చెక్కుచెదరనీయలేదు. పాత ప్రోగ్రాములు మునుపటికన్న వేగంగా నడిచాయి. మరుసటి సంవత్సరం ఇంటెల్ తన ప్రాసెసర్లలోనూ అదే విస్తరణను ప్రవేశపెట్టవలసివచ్చింది. భాషగా చూస్తే ఎక్స్86 సొగసైనది కాదు. నలభైయేళ్లకు పైబడిన అతుకులు దానిమీద కనిపిస్తాయి. ఇటానియం ఎంత ఆలోచించి కట్టిన భవనమో దాని పత్రాలు చదివినవారు ఎరుగుదురు. కాని ప్రజలు తమ ప్రోగ్రాములను ఏ ఇంటిలో దించుకోగలరో ఆ ఇంటికే పోయారు.

భారతీయ రైల్వేల రిజర్వేషన్ వ్యవస్థ ఇటానియం వంక ఎందుకు చూసిందో గ్రహించడం కష్టం కాదు. వ్యాక్స్ యంత్రాలపై నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వి.ఎం.ఎస్. దృఢత్వానికి ప్రసిద్ధి. తరువాత దానికే ఓపెన్ వి.ఎం.ఎస్. అని పేరు వచ్చింది. అది 1992లో ఆల్ఫాకు, 2005లో ఇటానియానికి తరలింది. ఇటానియం రెండు విధాలైన అంకెల నడకకూ ఒప్పుకొనే ప్రాసెసరు. ఓపెన్ వి.ఎం.ఎస్. మాత్రం దానిపైనా వ్యాక్స్ నాటి చిన్నస్థానం ముందుండే నడకనే కొనసాగించింది. పాత దస్త్రాలు తారుమారు కాకుండా ఉండడం దాని ఫలం. ఆపరేటింగ్ సిస్టమ్ ఇట్లు పాత మర్యాదను కాపాడినందున, పైనున్న ప్రోగ్రాములకు ఇల్లు మారిన కష్టం తగ్గింది. 2010లో నెలకొల్పిన రిజర్వేషన్ వ్యవస్థ ఇటానియం సర్వర్లపై, ఓపెన్ వి.ఎం.ఎస్.తో నడుస్తున్నదని 2025లో రైల్వేశాఖ లోక్‌సభకు తెలిపింది.

ఈలోగా ఇటానియం కాలం తీరింది. 2011లోనే ఒరాకిల్ సంస్థ దానికోసం కొత్త సాఫ్ట్‌వేర్ వ్రాయబోమని ప్రకటించగా వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. 2021 జులైతో ఇంటెల్ ఆ ప్రాసెసర్ల సరఫరాను ముగించింది. యంత్రాలు ఆరోజే ఆగిపోవు. విడిభాగాలు అరుదవుతాయి, బాగుచేయగలిగినవారు తగ్గిపోతారు, కొత్త పనిముట్లు ఆ భాషను నేర్చుకోవు. మాట్లాడేవారు ముదుసలులే మిగిలిన భాషకు పట్టే గతి ఇది. ఓపెన్ వి.ఎం.ఎస్. మాత్రం మరొకమారు ఇల్లు మారింది. ఆ పని చేపట్టిన వి.ఎం.ఎస్. సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 2022 జులైలో ఎక్స్86 వంశపు 64 బిట్ల ప్రాసెసర్లకోసం దాని రూపాన్ని విడుదల చేసింది. నాలుగు భాషల మీదుగా ఒకే వ్యవస్థ దాదాపు అర్ధశతాబ్దం జీవించడం అరుదైన విషయం.

సామాన్య విద్యార్థికి ఈ భాషాభేదం ఇంటిలోనే ఎదురవుతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంపిణీ చేసింది. ఆ ట్యాబులలోనూ, చేతిలోని ఫోన్లలోనూ ఉన్నది ఆర్మ్ అనే రిస్క్ సంప్రదాయపు ప్రాసెసరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన దాని తొలిచిప్పు 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. తక్కువ విద్యుత్తుతో పనిచేయడం దాని గుణం. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరు సాధారణంగా ఎక్స్86 వంశానిది. ఆ కంప్యూటరులోని ప్రోగ్రామును ట్యాబులోకి నకలుచేసి తెరవబోయిన పిల్లవాడు తన ట్యాబు చెడిపోయిందనుకొంటాడు. చెడిపోలేదు, భాష వేరు.

పెద్ద సంస్థలకూ ఈ పరాభవం తప్పలేదు. మైక్రోసాఫ్ట్ 2012లో ఆర్మ్ ప్రాసెసర్లకోసం విండోస్ ఆర్‌టి విడుదల చేసింది. రూపం విండోస్‌దే. పాత విండోస్ ప్రోగ్రాములు మాత్రం దానిపై నడవవు. కొన్నవారు నిరాశపడ్డారు. 2013లో ఆ సంస్థ 90 కోట్ల డాలర్ల నష్టాన్ని ఖాతాలో వ్రాసుకొన్నది. హైదరాబాదువాడైన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థ అధిపతి అయిన పిదప, 2017లో ఆర్మ్‌పై విండోస్ తిరిగి వచ్చింది, ఈసారి ఎక్స్86 మాటలను తర్జుమా చేసే దుబాసీతో సహా. ఆపిల్ సంస్థ 2020లో తన కంప్యూటర్లను ఇంటెల్ నుండి ఆర్మ్‌కు మార్చినప్పుడు రోసెట్టా అనే అనువాదిని తోడుచేసింది. వినియోగదారులలో చాలామందికి మార్పు జరిగిన సంగతే పట్టలేదు.

రైల్వేలకు ఇంత సులువు కాదు. 2025 మే 22వ తేదీన రైల్వే వెబ్‌సైటు ద్వారా ఒకే నిమిషంలో 31,814 టిక్కెట్లు జారీ అయ్యాయి. ఆ ఒత్తిడికి తగినట్లు రిజర్వేషన్ వ్యవస్థను కొత్త యంత్రాలమీదికి తరలించే పనిని రైల్వేశాఖ చేపట్టింది. దుకాణమైతే ఒకవారం మూసి, లెక్కలు సర్దుకొని తెరవవచ్చు. ఇక్కడ 2024 నవంబరు నుండి అరవై రోజుల ముందుగా టిక్కెట్లు ఇస్తున్నారు. ఏ రాత్రి యంత్రం మార్చినా, రాబోయే అరవై రోజుల ప్రయాణాలు అప్పటికే దానిలో ఉంటాయి. జనవరిలో సంక్రాంతి ముగిసి చెన్నైకి పోవలసిన ఆమదాలవలస కూలీ నవంబరులోనే సొమ్ము చెల్లించి టిక్కెట్టు కొని ఉంటాడు. ఆ టిక్కెట్టు వ్రాసుకొన్న ప్రాసెసర్ ఒకటి, రైలు కదిలే రోజున దానిని చదివి పట్టిక తీయవలసిన ప్రాసెసర్ మరొకటి కావచ్చు. అతని పేరు, రైలు, బోగీ, బెర్తు – ప్రతి బైటూ తన స్థానంలోనే ఉండాలి. మార్పు చేసేవారు పాత యంత్రాన్నీ కొత్త యంత్రాన్నీ పక్కపక్కన నడిపి, రెండింటి జవాబులనూ సరిపోల్చుకొంటూ, తేడా కనిపించినచోటనల్లా వెనుకకు పోయి కారణం వెదకుకోవాలి. పట్టిక సిద్ధమయ్యేసరికి 258 అన్నది 258గానే ఉండాలి.